సైదాబీ పక్కన పుల్లయ్య

గురజాలలో సైదాబీ ఇల్లెక్కడని ఎవర్నీ అడగనక్కర్లేదు. బస్టాండు వెనక వీధిలోకి తిరిగితే పొద్దునపూట సన్నాయి వినపడుతుంది, మిగతా పూటల్లో తిట్లు వినపడతాయి. రెండింటికీ ఊపిరి ఒకటే, ఆ ఊపిరికి అలుపు లేదు.

ఆమెకు యాభై ఆరేళ్లు. దూదేకుల వాళ్ల ఆడపిల్ల. గుళ్ల ముందూ పెళ్లి పందిళ్లలోనూ సన్నాయి ఊదడం వాళ్ల ఇంట్లో తాతల నాటి పని. అన్నదమ్ములిద్దరూ అది వదిలేసి పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పోతే, గోడకు వేలాడుతున్న సన్నాయిని ఈమె అందుకుంది. "ఆడపిల్ల బుగ్గలు పొంగించి ఊదితే ఏం బాగుంటది?" అని ఎవరో పెద్దమనిషి అంటే, "నేనేమన్నా నీకు పెళ్లిచూపులకొచ్చానా, కళ్లు మూసుకుని విను" అందట. అప్పటికి ఆమెకు నిండా పదహారు లేవు.

నా పేరు పూర్ణిమ. నరసరావుపేటలో డీటీపీ సెంటర్ నడుపుతాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీలు. వీటన్నిటి మధ్యా నేను ఇష్టంగా చేసే పని ఒకటే ఉంది, 'గానవాటిక'. మా ఊరి సంగీత సభ వాళ్లు మూడు నెలలకోసారి తెచ్చే పత్రిక అది. లోపలి పేజీలూ నేనే పెడతాను, కవరూ నేనే చేస్తాను. ఇన్నేళ్లుగా కవర్ మీద వీణ బొమ్మో, తంబూరా బొమ్మో, లేకపోతే దండ వేసిన పెద్దవాళ్ల పటమో వేస్తూ వచ్చాం. పదో ఏడాది సంచికకు సైదాబీని వేద్దామని సభ అధ్యక్షుడు వీరాంజనేయులు గారు అన్నప్పుడు నా చెవుల్ని నేనే నమ్మలేదు. పప్పుల మిల్లు యజమాని ఆయన, సొంతూరు మాత్రం గురజాలే. మంచి మాట ఎవరి నోటి నుంచి వచ్చినా మంచిదే కదా అనుకున్నాను. అంత తొందరగా సంతోషపడటం నాకు అలవాటు, ఆనక ఒళ్లు మండిపోవడం కూడా అలవాటే.

ఫోటోలు తియ్యడానికి పిడుగురాళ్ల నుంచి ఫర్హీన్‌ని పిలిచాను. పెళ్లిళ్లకు కెమెరా పట్టుకుని తిరిగే పిల్ల, మనిషి మొహం మీద వెలుగు ఎక్కడ పడితే బాగుంటుందో చూసి పట్టుకుంటుంది. ఇద్దరం కలిసి గురజాల వెళ్లాం, ఏ చీర కట్టాలి, ఎక్కడ తియ్యాలి, కూర్చోబెట్టాలా నిలబెట్టాలా అని మాట్లాడుకుందామని. మేం చెప్పిందంతా సైదాబీ వింది. విని ఒక్కటే అడిగింది.

"పుల్లయ్యన్న కూడా ఉంటాడుగా?"

పుల్లయ్య ఆమెకు డోలు వాయించే మనిషి. మంగలి పుల్లయ్య అంటే గురజాలలో తెలుస్తుంది. బస్టాండు దగ్గర కటింగ్ షాపు ఉంది, ముహూర్తాల రోజుల్లో షాపు మూసి డోలు భుజాన వేసుకుంటాడు. సైదాబీ భర్త బతికున్నన్నాళ్లూ డోలు ఆయనే వాయించేవాడు. ఆయన పోయాక ఆడదాని పక్కన డోలు పట్టుకుని కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పుల్లయ్య వచ్చాడు. ఊరు నానా మాటలూ అంది. ఆ మాటలన్న వాళ్ల ఇళ్ల ముందుకే వెళ్లి, ఆ ఇంటి ఇల్లాళ్లనే బయటికి పిలిచి సైదాబీ సమాధానాలు చెప్పి వచ్చింది. తర్వాత ఎవరూ నోరెత్తలేదు. అది జరిగి ముప్పై ఏళ్లు దాటిపోయింది. వాళ్లిద్దరూ పల్నాడంతా తిరిగారు, మాచర్ల నుంచి నరసరావుపేట దాకా వాళ్ల మేళం మోగని పందిరి లేదు.

"పిన్నీ, మీరిద్దరూ వాయిస్తున్న పాత ఫోటో ఏదన్నా ఉందా? లోపలి పేజీలో వేద్దాం" అన్నాను.

నా మాటకు ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"లేదమ్మా. ఒక్కటి లేదు. ఎన్ని పెళ్లిళ్లు చేశామో నాకే తెలవదు, అన్ని పెళ్లిళ్లలోనూ ఫోటోలు తీశారు. పెళ్లికొడుకు చెప్పులు తీశారు. వండే గరిటెలు తీశారు. మా కాడికి వచ్చేతలికి, 'మేళమోళ్లు కాస్త జరగండి, అడ్డం వస్తన్నారు' అంటారు. ఒకసారి మాచర్లలో వీడియో తీసేవాణ్ణి పట్టుకున్నా. 'మొహం తీసేసినోడివి చప్పుడు కూడా తీసెయ్యి, మూగ పెళ్లి చేసుకుంటారు' అన్నా. వాడు నవ్వాడు. నవ్వులాటకా నేనంది?"

పుల్లయ్య గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. మెత్తటి మనిషి. ఫర్హీన్ ఊరికే కెమెరా బయటికి తీసి లెన్సు తుడుచుకుంటుంటే, ఆయన లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఎవరూ వెళ్లమనలేదు. కెమెరా కనపడితే పక్కకు తప్పుకోవడం ఆయనకు ఒంట్లోకి ఇంకిపోయింది. జనం ముందు కత్తెర పట్టుకుని నిలబడేటప్పుడు కూడా అద్దంలో తన మొహం పడకుండా కాస్త ఒరిగి నిలబడతాడట.

"చూశావా?" అంది సైదాబీ. "అట్టా చేశారు ఆ మనిషిని. భుజం కీలు అరిగిపోయింది, డాక్టరు డోలు ముట్టొద్దన్నాడు. ఈ శ్రావణంతో సరి. ఇంక నా పక్కన ఉండడు. మీ పుస్తకం మీద నా ఒక్కదాని మొహం వేసేట్టయితే నాకొద్దు. మేమిద్దరం వాయిస్తన్న ఫోటో ఒకటి పడాలి. ఆ ఒక్కటీ చేసి పెట్టు."

"నాదీ పూచీ" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో!

మర్నాడు మిల్లు ఆఫీసులో కవర్ గురించి కూర్చున్నాం. వీరాంజనేయులు గారు, ఆయన మేనల్లుడు యోగేశ్, నేను. యోగేశ్ సభకు కార్యదర్శి. కాయితం మీద కవర్ గీసుకొచ్చాడు. చూస్తే అది కవర్ కాదు, అచ్చంగా ఫ్లెక్సీ. పైన వరసగా అయిదు గుండ్రాలు. మధ్య గుండ్రంలో అధ్యక్షుడు, అటూ ఇటూ సభ పెద్దలు, చివరి గుండ్రంలో యోగేశే. కింద మూలన శుభాకాంక్షలు తెలిపే వారి పేర్లు. మా పల్నాడులో బారసాల దగ్గర్నుంచి కర్మకాండ దాకా ఏది జరిగినా ఫ్లెక్సీ మీద ఈ గుండ్రాలు ఉండాల్సిందే. చచ్చిపోయినవాడి ఫోటో కంటే నివాళులర్పించేవాళ్ల ఫోటోలు పెద్దవిగా ఉంటాయి. అలాంటివి నేనే బోలెడు చేశాను కాబట్టి నాకు తెలుసు. కానీ ఇది పత్రిక!

"గుండ్రాలు లోపల పేజీలో వేద్దాం సార్. కవర్ మీద ఫోటో ఒక్కటే ఉండాలి. సైదాబీ, పుల్లయ్య, ఇద్దరూ వాయిస్తూ" అన్నాను.

"రెండో మనిషికి స్థలం యాడుందక్కా?" అన్నాడు యోగేశ్. "సింగిల్ సబ్జెక్ట్ ఉంటేనే కవర్ క్లీన్‌గా ఉంటది. డోలు పక్కన పెట్టండి, లుక్ వస్తది."

"అయిదుగురికి స్థలం ఉంది, వాయించేవాడికి లేదా?"

వీరాంజనేయులు గారు టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. చాలా నిదానంగా, పిల్లకు సర్దిచెప్పినట్టు చెప్పారు. "అమ్మాయ్, సైదాబీ అంటే ఆడమనిషి, సాయిబుల పిల్ల, గుళ్లో ఊదుతది. నలుగురూ బాగుందంటారు. పుల్లయ్య అట్టా కాదుగా. మా నాయనకు గడ్డం గీసినోడు. రేపు ఈ పుస్తకం ప్రతి ఇంటికీ పోతది, పీటల మీద పెడతారు, దేవుడి గదిలో పెడతారు. మనోళ్లు ఏమనుకుంటారు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లిలో పుల్లయ్య డోలు మోగితే తప్ప తాళి కట్టరు వీళ్లు. ఆ చప్పుడు శుభం, ఆ చేతులు మాత్రం కవరెక్కకూడదు. సైదాబీని మెచ్చుకుంటున్నది కూడా ఆమె సన్నాయి విని కాదు, ఆమెను పక్కన నిలబెట్టుకుంటే తాము ఎంత పెద్ద మనసున్నవాళ్లో నలుగురికీ తెలుస్తుందని. ఇదంతా మొహాన అనేశాను. మాటలు ఇంత పద్ధతిగా రాలేదు గానీ, అనాల్సిందంతా అన్నాను. ఇద్దరి ఫోటో లేకపోతే కవర్ ఇంకెవరితోనైనా చేయించుకోండని లేచి నిలబడ్డాను.

"కూర్చో అమ్మాయ్, కూర్చో. ఎందుకంత కోపం? సరే, ఇద్దర్నీ తియ్యండి. నీ ఇష్టం" అన్నారాయన నవ్వుతూ. నేను గెలిచాననుకున్నాను. అంత సులభంగా సరే అన్న మనిషిని ఎందుకు నమ్మానో ఇప్పటికీ నామీద నాకే మంట.

కోటప్పకొండ మెట్ల దారిలో తీద్దామని ఫర్హీన్ ఎంచుకుంది. ఎండ ముదరకముందే చేరాం. సైదాబీ పెళ్లిళ్లకు కట్టే ఆకుపచ్చ చీరే కట్టుకుంది, పట్టుచీరా నగలూ అద్దెకు తెస్తామంటే ఒప్పుకోలేదు. పుల్లయ్య తెల్లచొక్కా వేసుకుని డోలుతో కూర్చున్నాడు గానీ, ఫర్హీన్ కన్ను కెమెరాకు ఆనించగానే మొహం పక్కకు తిప్పేస్తున్నాడు. "బాబాయ్, ఇటు చూడు" అంటే చూస్తాడు, క్లిక్కుమనే లోపల భుజం జారిపోతుంది, తల వంగిపోతుంది. ఎన్నిసార్లు తీసినా అదే.

"నావల్ల కాదమ్మా, సైదమ్మ ఒక్కదాన్నే తియ్యండి" అన్నాడు చివరికి.

సైదాబీకి చిర్రెత్తుకొచ్చింది. "ఏందయ్యా నీ బాధ? ఎవరి సొమ్ము తిన్నావని మొహం దాచుకుంటన్నావు? ఇంతకాలం ఆళ్లు జరగమన్నారని జరిగావు. ఇవాళ ఎవరూ అన్లేదు, నువ్వే జరుగుతన్నావు!" అని కసిరి, ఇంక మాటలు దండగనుకుందో ఏమో, సన్నాయి ఎత్తి ఊదటం మొదలుపెట్టింది. కోపంతోనే ఊదింది. కొండంతా మోగింది.

ఆమె మొదలుపెట్టాక పుల్లయ్య ఆగలేడు. చేతులు డోలు మీదికి వెళ్లాయి. కళ్లు ఆమె వేళ్ల మీదికి వెళ్లాయి. కెమెరా ఉన్న సంగతి మర్చిపోయాడు. ఊపిరి అందుకోబోయే ముందు ఆమె ఎప్పుడూ ఒకసారి ఆయన వైపు చూస్తుంది, ఆ కాస్త ఖాళీని ఆయన డోలుతో నింపుతాడు. సరిగ్గా అక్కడ ఫర్హీన్ ఫోటో కొట్టింది. సైదాబీ బుగ్గలు పొంగి ఉన్నాయి, కళ్లు పక్కకు తిరిగి పుల్లయ్య మొహం మీద ఉన్నాయి, పుల్లయ్య తల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు. నేను చేసిన కవర్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ఫోటో ఒక ఎత్తు. పైన పత్రిక పేరు తప్ప దాని మీద ఇంకో అక్షరం పెట్టలేదు. ఆ కవర్ పంపిస్తే "సూపర్ అక్కా" అని యోగేశ్ జవాబిచ్చాడు. అచ్చు సంగతి తాను చూసుకుంటానన్నాడు.

ఆవిష్కరణ నరసరావుపేటలో, ఓ కల్యాణమండపంలో. పుల్లయ్యను కూడా రమ్మన్నారు. కవర్ సంగతి ఎలా ఉన్నా, మంగళవాద్యం లేకుండా జ్యోతి వెలిగించరు కదా! సైదాబీ, పుల్లయ్య వేదిక మీద ఓ పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్నారు. నేను పుస్తకాల కట్ట విప్పాను.

కవర్ చూశాను. పైన అయిదు గుండ్రాలు. కింద సైదాబీ. ఆమె పక్కన డోలు ఒక్కటే మెట్టు మీద కూర్చుని ఉంది. పుల్లయ్య లేడు. ఆయన ఉన్న చోట ఫోన్లో చెరిపేసి, మెట్లు అతికించారు. రాళ్ల మీద రాళ్లు ఎంత బాగా అతికాయంటే, అక్కడ ఎప్పుడూ ఎవరూ కూర్చోలేదనిపిస్తుంది. లోపల మొదటి పేజీలో ముఖచిత్ర రూపకల్పన అని నా పేరుంది. యోగేశ్‌ని చొక్కా పట్టుకుని లాగుదామన్నంత కోపం వచ్చింది. వాడు మైకు సరిచేస్తూ, "లాస్ట్ మినిట్‌లో మావయ్య చెప్పాడక్కా, ఫీల్ అవ్వొద్దు" అన్నాడు.

ఈలోగా సైదాబీయే ఒక పుస్తకం అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది. నన్ను పిలిచింది. నేను ఆమె తిట్లకు సిద్ధపడి వెళ్లాను, తిట్టినా బాగుండేది.

"ఏమ్మా పూర్ణిమా, ఇందులో నేను ఎవర్ని చూస్తన్నా?" అంది.

నిజమే. ఫోటోలో ఆమె కళ్లు అంత ఆశగా పక్కకు తిరిగి ఉన్నాయి, అక్కడ ఉత్త రాయి ఉంది. మనిషిని చెరిపారు గానీ ఆమె చూపును తిప్పలేకపోయారు. మతి చలించిన మనిషి గాల్లోకి చూస్తున్నట్టు ఉంది కవరంతా. పుల్లయ్య కూడా తొంగి చూశాడు. "పోనీలే సైదమ్మా, డోలు బాగా పడ్డది" అన్నాడు. ఆ మాటకు ఏడుపొచ్చింది నాకు, ఆ వెంటనే ఆయన మీద కూడా కోపమొచ్చింది.

వీరాంజనేయులు గారు కొవ్వొత్తి పట్టుకుని జ్యోతి దగ్గర నిలబడ్డారు. మైకులో యోగేశ్, "మంగళవాద్యం" అన్నాడు. సైదాబీ సన్నాయిని తీసి సంచిలో పెట్టేసింది. సంచి మూతి బిగించి తాడు కట్టింది.

"ఏందమ్మా, మొదలుపెట్టు. మంచి సమయం దాటిపోద్ది" అన్నారాయన.

"నేను ఊదను. తీసేసిన మనిషిని తెచ్చి ఫోటోలో పెట్టిందాకా ఊదను."

హాలంతా గుసగుసలు. కొవ్వొత్తి కరిగి ఆయన వేళ్ల మీద పడుతోంది, సన్నాయి మోగకుండా వెలిగించడానికి ఆయనకు చెయ్యి రావడం లేదు. చివరికి యోగేశ్ ఫోన్ తీసి, మైకుకు ఆనించి, దొరికిన సన్నాయి మేళమేదో పెట్టాడు. ముందు ప్రకటన వచ్చింది, మోకాళ్ల నొప్పుల నూనె గురించి ఒకావిడ ఉత్సాహంగా చెప్పింది. వెనక వరసల్లో నవ్వులు. తర్వాత మేళం మొదలైంది. ఎవరిదో సన్నాయి, ఎవరిదో డోలు. దానికే పెద్దలు చేతులు జోడించారు. "ఫోటోగ్రాఫర్లు రండి" అన్నాడు యోగేశ్. ఫోన్లన్నీ లేచాయి.

పుల్లయ్య లేచాడు. అలవాటు ప్రకారం మెట్లు దిగి కిందికి వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. నడుచుకుంటూ వెళ్లి జ్యోతికీ కెమెరాలకీ మధ్య నిలబడ్డాడు. వెనక కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

"పుల్లయ్యా, జరుగు" అన్నారు వీరాంజనేయులు గారు.

పుల్లయ్య కదల్లేదు.

"ఒరేయ్, నిన్నే! అడ్డం లే!"

"జరగనయ్యా" అన్నాడు. మొహం ఎదురుగానే పెట్టి ఉంచాడు. "నీ పెళ్లికి జరిగా. నీ కూతురి పెళ్లికి జరిగా. మీ నాయన దినానికి గుండ్లు గీసి, ఫోటో తీస్తంటే గోడ వెనక్కి పోయా. చెప్పిన ప్రతిసారీ జరిగా. ఇంక జరగను."

నేను ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారిగా ఎప్పుడూ వినలేదు. సైదాబీ కూడా వినలేదనుకుంటాను. గబగబా లేచి, కొంగు నడుముకు చుట్టి, వెళ్లి ఆయన పక్కన నిలబడింది. ఎవరో వేదిక ఎక్కబోతుంటే అక్కణ్ణుంచే చూపుడు వేలు చూపించింది, వాడు ఎక్కిన మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఏమే ఫర్హీన్, చూస్తా నిలబడ్డావేందే? తియ్యి!" అని అరిచింది.

ఫర్హీన్ తీసింది. సభ ఎలా ముగిసిందో నాకు తెలియదు, నేనూ వాళ్లతో పాటే బయటికి వచ్చేశాను. 'గానవాటిక' పని అంతటితో మానేశాను.

ఆ ఫోటోను కాస్త పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, వారం తర్వాత గురజాల పట్టుకెళ్లాను. మంచి ఫోటో అని నేనైతే అనను. వెలుగు సరిగా లేదు. సన్నాయి లేదు, డోలు లేదు. ఇద్దరి మధ్య నుంచి ఎవరిదో కొవ్వొత్తి పట్టుకున్న చెయ్యి పొడుచుకొచ్చింది. సైదాబీ కళ్లలో నిప్పులున్నాయి. పుల్లయ్య దవడలు బిగించి ఉన్నాడు.

పుల్లయ్య షాపులో గిరాకీ ఎవరూ లేరు. సైదాబీ కూడా వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆయన తడి చేతులు తుడుచుకుని, ఫ్రేము అందుకుని, వెలుతురులోకి తెచ్చి తన మొహాన్ని తాను చాలాసేపు చూసుకున్నాడు. నాకు భయం వేసింది. ఇంతకాలం ఎదురు చూసిన ఫోటో ఇలా వచ్చిందే అనుకుంటాడేమోనని.

"ఇద్దరం చానా కోపంగా ఉన్నామమ్మా ఇందులో" అన్నాడు.

"అవును బాబాయ్."

"అయితే సరిగ్గానే వచ్చింది" అని, గోడకు మేకు కొట్టడానికి స్టూలు ఎక్కాడు.